రాని డబ్బుతో కొన్న టైటిల్: బొరుస్సియా డోర్ట్‌మండ్ కథ, 1986 నుంచి 2024 దాకా

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

2002 మే నెలలో బొరుస్సియా డోర్ట్‌మండ్ జర్మనీ ఫుట్‌బాల్ ఛాంపియన్. 2005 మార్చిలో అదే క్లబ్ దివాలా అంచున నిలబడి, ఒక స్థిరాస్తి ఫండ్‌లో పొదుపు సొమ్ము పెట్టిన చిన్న మదుపరులు ఏమంటారా అని ఎదురుచూసింది. రెండింటికీ మధ్య మూడేళ్ళు కూడా లేవు. ఆ మూడేళ్ళలో ఏం జరిగిందో తెలిస్తే, తర్వాత ఇరవై ఏళ్ళుగా ఈ క్లబ్ కుర్రాళ్ళను కొని పెద్దవాళ్ళను చేసి ఎందుకు అమ్ముతోందో, టైటిల్‌కి అడుగు దూరంలో ఎందుకు ఆగిపోతోందో కూడా తెలుస్తుంది. అందుకే ఇవాళ గోల్స్ కంటే లెక్కల గురించే ఎక్కువ మాట్లాడతాను.

ముందు ఊరి సంగతి. డోర్ట్‌మండ్ జర్మనీ పశ్చిమాన రూర్ ప్రాంతంలో ఉంది. బొగ్గు, ఉక్కు, బీరు, ఈ మూడింటి మీద బతికిన ఊరు. చివరి బొగ్గు గని 1987లో మూతపడింది. ఉక్కు కర్మాగారం 2001లో ఆగిపోయింది. అందులోని యంత్రాలను విప్పి చైనాకు తరలించారు. ఆ స్థలంలో ఇప్పుడు ఫీనిక్స్ సరస్సు ఉంది. పని పోయిన ఊళ్ళో క్లబ్ మిగిలింది. స్టేడియంలో దక్షిణ స్టాండ్ ఒక్కదాంట్లోనే 24 వేలమందికి పైగా నిలబడి మ్యాచ్ చూస్తారు. మొత్తం స్టేడియం సామర్థ్యం 81 వేల పైచిలుకు. ఇంత జనం ప్రతి మ్యాచ్‌కీ వస్తారన్న ధీమా క్లబ్‌కి బలం, యాజమాన్యానికి మాత్రం ప్రమాదకరమైన మత్తు.

1986లో ఈ క్లబ్ రెండో డివిజన్‌కి జారిపోవాల్సింది. ఫోర్టూనా కోల్న్‌తో రెండు మ్యాచ్‌ల ప్లే-ఆఫ్. మొదటిదాంట్లో 0-2 ఓటమి. రెండోదాంట్లో ఆఖరి నిమిషంలో యుర్గెన్ వెగ్మన్ గోల్ కొట్టాడు, మొత్తం స్కోరు సమమైంది. అప్పటి నిబంధన ప్రకారం మూడో మ్యాచ్ పెట్టారు. అందులో 8-0తో గెలిచి ఒడ్డున పడ్డారు. అదే ఏడాది గెర్డ్ నీబామ్ అనే న్యాయవాది అధ్యక్షుడయ్యాడు. 1989లో మిఖాయెల్ మయర్ మేనేజర్‌గా వచ్చాడు. క్లబ్‌ని యూరప్ శిఖరానికి ఎక్కించిందీ, అక్కడి నుంచి దాదాపు తోసేసిందీ ఈ ఇద్దరే.

1991లో కోచ్‌గా ఒట్మర్ హిట్స్‌ఫెల్డ్ వచ్చాడు. 1993లో యూరప్ క్లబ్‌ల పోటీ యూఈఎఫ్‌ఏ కప్ ఫైనల్లో ఇటలీ జట్టు యువెంటస్ చేతిలో చిత్తుగా ఓడినా, ఆ సీజన్ క్లబ్ దశ మార్చింది. ఆ పోటీలో మిగతా జర్మన్ క్లబ్‌లు ముందే ఇంటిదారి పట్టడంతో టీవీ హక్కుల సొమ్ములో పెద్ద వాటా డోర్ట్‌మండ్‌కే దక్కింది. ఇటలీ లీగ్ నుంచి రాయ్టర్, సామర్ అప్పటికే వచ్చి ఉన్నారు. ఆ డబ్బుతో అక్కడ ఆడుతున్న మరికొందరు జర్మన్లను ఒక్కొక్కరినీ వెనక్కి తెచ్చారు: రీడ్లే, మోల్లర్, కోలర్. 1995, 1996లో బుండెస్‌లిగా, అంటే జర్మనీ అగ్ర లీగ్, టైటిళ్ళు వచ్చాయి. 1997 మే 28న మ్యూనిక్‌లో అదే యువెంటస్‌ని 3-1తో ఓడించి యూరప్‌లో అత్యున్నత క్లబ్ పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ గెలిచారు. రీడ్లే రెండు గోల్స్ కొట్టాడు. మైదానంలోకి అప్పుడే దిగిన కుర్రాడు లార్స్ రికెన్ తొలి టచ్‌లోనే దూరం నుంచి బంతిని గోల్‌కీపర్ తలమీదుగా పంపి మూడోది కొట్టాడు. క్లబ్ చరిత్రలో అంతకు మించిన రాత్రి లేదు.

ఆ రాత్రి తర్వాత జీతాల పట్టీ సంగతి చూడండి. అంతకుముందే, 1995 డిసెంబరులో, బోస్మన్ అనే ఆటగాడి కేసులో కోర్టు తీర్పు వచ్చింది. కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు పైసా ట్రాన్స్‌ఫర్ ఫీజు లేకుండా వెళ్ళిపోవచ్చు. క్లబ్‌లు ఫీజుగా ఇచ్చే డబ్బు జీతాల్లోకి మళ్ళింది. ఛాంపియన్ జట్టుకు ఛాంపియన్ జీతాలు ఇవ్వాలి. ఆ జీతాలు ప్రతి ఏడాదీ కట్టాలి, ఛాంపియన్స్ లీగ్ ఆదాయం మాత్రం ప్రతి ఏడాదీ వస్తుందన్న హామీ లేదు. 1999-2000 సీజన్‌లో జట్టు మళ్ళీ కింది డివిజన్ దగ్గరికి జారింది. రిటైరైన కోచ్ ఉడో లాటెక్‌ని పిలిపించి, సామర్‌ని అతనికి సహాయకుడిగా పెట్టి గట్టెక్కారు. అక్కడ ఆగి జీతాలు తగ్గించుకుని ఉంటే ఇవాళ నేను చెప్పడానికి కథే ఉండేది కాదు.

బదులుగా 2000 అక్టోబరు 31న షేర్ మార్కెట్‌కి వెళ్ళారు. స్టాక్ ఎక్స్చేంజ్‌లో నమోదైన తొలి జర్మన్ ఫుట్‌బాల్ క్లబ్ ఇదే. షేరు ధర 11 యూరోలు. 13 కోట్ల యూరోలకు పైగా సమకూరింది. ఆ షేరు ఆ తర్వాత ఎన్నడూ 11 యూరోలకు తిరిగి చేరలేదు. 2009 ప్రాంతంలో ఒక యూరో కంటే కిందికి కూడా పడింది.

ఆ 13 కోట్లు ఎటు పోయాయి? కొంత పాత అప్పులకు. కొంత స్టేడియం విస్తరణకు. కొంత ఆటతో సంబంధం లేని వ్యాపారాలకు: ట్రావెల్ ఏజెన్సీ పెట్టారు, పేరున్న కంపెనీని వదులుకుని సొంత జెర్సీ బ్రాండు పెట్టారు. మిగతాది ఆటగాళ్ళకు. 2001లో చెక్ కుర్రాడు రోజిట్స్‌కీ వచ్చాడు. అదే ఏడాది పార్మా నుంచి బ్రెజిల్ ఫార్వర్డ్ మార్సియో అమొరోజో వచ్చాడు, దాదాపు 2.5 కోట్ల యూరోలకు. అప్పటికి బుండెస్‌లిగాలో అదే రికార్డు.

ఇక్కడ ఒక లెక్క విడమర్చి చెప్పాలి, ఎందుకంటే ఫుట్‌బాల్ క్లబ్‌లు తమను తాము మోసం చేసుకునేది ఇక్కడే. ఆటగాడిని కొన్న డబ్బును ఆ ఏడాది ఖర్చుగా రాయరు. కాంట్రాక్టు ఎన్నేళ్ళో అన్ని భాగాలు చేసి ఏడాదికి ఒక భాగం రాస్తారు. ఉదాహరణకు 2.5 కోట్లు పెట్టి ఐదేళ్ళ కాంట్రాక్టు ఇస్తే, ఏడాదికి 50 లక్షలు. మొదటి ఏడాది లెక్క చూసినవాడికి ఖర్చు చిన్నదిగానే కనిపిస్తుంది. ముగ్గుర్ని, నలుగుర్ని కొన్నా పుస్తకంలో నొప్పి తెలియదు. కానీ బ్యాంకు ఖాతాలోంచి డబ్బు మొదట్లోనే వెళ్ళిపోయింది, దాని మీద జీతం కూడా వెళుతోంది. ఆటగాడు గాయపడినా, గొడవపడి వెళ్ళిపోయినా మిగిలిన విలువంతా ఒక్కసారి నష్టంగా రాయాలి. అమొరోజో తొలి సీజన్‌లో లీగ్ టాప్ స్కోరర్లలో ఒకడు, 2002 టైటిల్ అతని చలవే. 2004లో గొడవ జరిగి కాంట్రాక్టు రద్దయి స్పెయిన్‌కు వెళ్ళిపోయాడు. క్లబ్‌కి ఒక్క యూరో తిరిగి రాలేదు.

2002 ఏప్రిల్‌లో కిర్ష్ మీడియా సంస్థ దివాలా తీసింది. బుండెస్‌లిగా టీవీ హక్కులు ఆ సంస్థ చేతిలోనే ఉండేవి. ప్రతి క్లబ్‌కీ రావాల్సిన టీవీ సొమ్ము తగ్గింది. అప్పటికే విస్తరణ చేసి, జీతాలు పెంచి కూర్చున్న డోర్ట్‌మండ్‌కి దెబ్బ గట్టిగా తగిలింది.

అప్పుడు స్టేడియం అమ్మారు. అమ్మి, అక్కడే అద్దెకున్నారు. కొన్నది కామర్జ్‌బ్యాంక్ అనుబంధ సంస్థ నడిపే మోల్సిరిస్ అనే స్థిరాస్తి ఫండ్. అందులో వాటాదారులు ఐదు వేలకు పైగా ఉన్న మామూలు మదుపరులు. ఒప్పందం ఇలా ఉంది: ఫండ్ పెద్ద మొత్తం ఒకేసారి ఇస్తుంది, క్లబ్ ఏటా అద్దె కడుతుంది, అది కోటి యూరోలు దాటుతుంది, భవిష్యత్తులో తిరిగి కొనుక్కోవడానికి ఒక ఖాతాలో డబ్బు నిలవ పెట్టాలి. కాగితం మీద ఇది చెడ్డ ఒప్పందం కాదు. వచ్చిన డబ్బుతో ఏం చేశారన్నదే ప్రశ్న. దాన్ని రోజువారీ లోటు పూడ్చడానికి వాడేశారు. ఆస్తి పోయింది, లోటు అలాగే ఉంది, పైన అద్దె కొత్తగా చేరింది.

2003 వేసవిలో ఛాంపియన్స్ లీగ్ అర్హత రౌండులో బెల్జియం జట్టు క్లబ్ బ్రూజ్ చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో ఓడిపోయారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఆ బడ్జెట్‌కి అతికినట్టు సరిపోతుంది: ఇంకా అర్హతే సాధించని పోటీలో వచ్చే డబ్బును అందులో ముందే రాసుకున్నారు. ఆటగాళ్ళ జీతాల్లో 20 శాతం కోత పెట్టాల్సి వచ్చింది. 2003-04 ఆర్థిక సంవత్సరంలో నష్టం సుమారు 6.7 కోట్ల యూరోలు. 2004లో ఒక దశలో జీతాలు కట్టడానికి ప్రత్యర్థి క్లబ్ బయర్న్ మ్యూనిక్ 20 లక్షల యూరోలు అప్పిచ్చింది. ఈ విషయం 2012 దాకా బయటికి రాలేదు. అప్పు తర్వాత తీర్చేశారు.

2004 నవంబరులో నీబామ్ అధ్యక్ష పదవి వదిలాడు, రైన్‌హార్డ్ రౌబల్ వచ్చాడు. 2005 ఫిబ్రవరిలో కంపెనీ బాధ్యతలు హాన్స్-యోఆఖిమ్ వాట్జ్కె చేతికొచ్చాయి. అదే నెల 17న క్లబ్ స్టాక్ ఎక్స్చేంజ్‌కి ప్రకటన పంపింది: మనుగడకే ముప్పు ఉందని. నమోదైన కంపెనీ కాబట్టి దాచిపెట్టే వీల్లేదు. షేర్ మార్కెట్‌కి వెళ్ళడం వల్ల ఈ క్లబ్‌కి జరిగిన ఒకే ఒక్క మేలు ఇదేనని నా అభిప్రాయం.

మార్చి 14న డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయం దగ్గర ఫండ్ వాటాదారుల సమావేశం. క్లబ్ అడిగింది రెండు ముఖ్యమైన విషయాలు. రాబోయే అద్దె వాయిదా వేయాలి. తిరిగి కొనుగోలు కోసం ఖాతాలో కట్టిపడేసిన డబ్బును విడిపించి స్టేడియంలో కొంత వాటా కొననివ్వాలి. 75 శాతం ఓట్లు రావాలి. రాకపోతే దివాలా. లీగ్ లైసెన్సు కాగితాలు దాఖలు చేసేది కూడా మార్చి మధ్యలోనే. దివాలా తీసిన కంపెనీకి లైసెన్సు రాదు, జట్టు ఎక్కడో కింది లీగ్‌లో మొదలుపెట్టాలి. గంటలకొద్దీ చర్చ నడిచింది. ఆ గదిలో కూర్చున్నవాళ్ళలో డోర్ట్‌మండ్ అభిమానులు కానివాళ్ళే ఎక్కువై ఉంటారు. వాళ్ళకు ఇది పెన్షన్ డబ్బు. చివరికి 94.4 శాతం ఒప్పుకున్నారు. దయతో కాదు, స్టేడియం ఖాళీగా ఉంటే అద్దె కట్టేవాడే ఉండడు. ఎనభై వేలమంది పట్టే స్టేడియాన్ని ఇంకెవరికి అద్దెకిస్తారు?

తర్వాతి మూడేళ్ళు విసుగు పుట్టించే పని. 2005 డిసెంబరు నుంచి స్టేడియం పేరు హక్కులు సిగ్నల్ ఇడూనా బీమా సంస్థకు. 2006లో మోర్గాన్ స్టాన్లీ నుంచి 7.9 కోట్ల యూరోల దీర్ఘకాలిక రుణం తీసుకుని ఫండ్ నుంచి స్టేడియం తిరిగి కొన్నారు. రోజిట్స్‌కీ ఆర్సెనల్‌కి వెళ్ళాడు. 2008లో స్పోర్ట్‌ఫైవ్ అనే మార్కెటింగ్ సంస్థతో దీర్ఘ ఒప్పందం చేసుకుని 5 కోట్లు అడ్వాన్సు తీసుకున్నారు. మళ్ళీ అడ్వాన్సేనా అంటారా? ఈసారి తేడా ఉంది. ఆ డబ్బు ఫార్వర్డ్‌ని కొనడానికి పోలేదు, మోర్గాన్ స్టాన్లీ రుణం తీర్చడానికి పోయింది. భవిష్యత్ ఆదాయాన్ని ముందే తీసుకోవడం తప్పు కాదు. దాంతో ఏడాదిలో ఆవిరయ్యేది కొంటే తప్పు.

మైదానంలో మాత్రం 2008లో లీగ్‌లో 13వ స్థానం. అప్పుడు మైంట్స్ నుంచి యుర్గెన్ క్లోప్ వచ్చాడు. జనం క్లోప్ ఉత్సాహం గురించి చెబుతారు. ఉత్సాహం చాలామంది కోచ్‌లకు ఉంటుంది. అతని ఆట పద్ధతి క్లబ్ జేబుకి సరిపోయింది, అసలు విషయం అది. గేగెన్‌ప్రెసింగ్ అంటే బంతి పోగొట్టుకున్న క్షణంలోనే, వెనక్కి పరిగెత్తకుండా, దగ్గరున్న ముగ్గురు నలుగురు కలిసి బంతి మీదికి వెళ్ళడం. బంతి అందుకున్న ప్రత్యర్థి అప్పుడే ముందుకు అడుగేస్తూ ఉంటాడు, అతని జట్టు రక్షణ ఆకారంలో ఉండదు. ఆ నాలుగైదు సెకన్లలో బంతి తిరిగి వస్తే గోల్ దారి తెరిచే ఉంటుంది. దీనికి ఖరీదైన ప్లేమేకర్ అక్కర్లేదు. పరిగెత్తే కాళ్ళు, చెప్పింది వినే వయసు కావాలి. రెండూ చవకగా దొరుకుతాయి.

స్పోర్టింగ్ డైరెక్టర్ మిఖాయెల్ జోర్క్ ఆ లెక్కతోనే జట్టు కట్టాడు. షింజి కగావా జపాన్ నుంచి 3.5 లక్షల యూరోలకు వచ్చాడు. పొరపాటు పడకండి, లక్షలే. లెవన్‌డోవ్‌స్కీ పోలాండ్ నుంచి సుమారు 45 లక్షలకు. పిష్‌చెక్ ఉచితంగా. హుమ్మెల్స్ బయర్న్ వద్దనుకున్న కుర్రాడు. షాహిన్, గోట్జె, ష్మెల్జర్ సొంత అకాడమీ పిల్లలు. 2011లో టైటిల్, అప్పటిదాకా బుండెస్‌లిగా గెలిచిన జట్లలో వయసులో అతి చిన్నది అదే. 2012లో 81 పాయింట్లతో మళ్ళీ టైటిల్, చివరి 28 మ్యాచ్‌లలో ఓటమి లేదు. బెర్లిన్‌లో జర్మన్ కప్ ఫైనల్లో బయర్న్‌ని 5-2తో కొట్టారు. అప్పిచ్చిన క్లబ్‌నే.

2013లో వెంబ్లీలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. 89వ నిమిషంలో రాబెన్ గోల్, బయర్న్ 2-1. ఆ వసంతంలోనే గోట్జె 3.7 కోట్లకు బయర్న్‌కి వెళ్తున్నాడని బయటపడింది. లెవన్‌డోవ్‌స్కీ 2014లో కాంట్రాక్టు ముగించుకుని ఉచితంగా అక్కడికే వెళ్ళాడు. 2014-15లో ప్రత్యర్థులు విరుగుడు కనిపెట్టారు: బంతిని డోర్ట్‌మండ్‌కే వదిలేసి వెనక్కి తగ్గి కూర్చున్నారు. బంతి నీ దగ్గరే ఉంటే దేన్ని వెంటాడతావు? ఫిబ్రవరిలో 19 మ్యాచ్‌ల తర్వాత జట్టు పట్టికలో అట్టడుగున ఉంది. ఏడో స్థానంలో ముగించి క్లోప్ వెళ్ళిపోయాడు.

అక్కడి నుంచి క్లబ్ ఒక వ్యాపార పద్ధతిని స్థిరపరచుకుంది. పద్దెనిమిదేళ్ళ వాడిని కొను, పెద్ద క్లబ్ ఇవ్వలేని మ్యాచ్‌లు వాడికి ఇవ్వు, రెండు మూడేళ్ళలో అమ్ము. డెంబెలె: రెన్ నుంచి 1.5 కోట్లు, ఏడాదికి బార్సిలోనాకు 10.5 కోట్లు, పైన బోనస్‌లు. సాంచో: మాంచెస్టర్ సిటీ నుంచి 80 లక్షల దాకా, మాంచెస్టర్ యునైటెడ్‌కు 8.5 కోట్లు. హాలండ్: 2 కోట్లకు వచ్చి, 89 మ్యాచ్‌లలో 86 గోల్స్ కొట్టి, కాంట్రాక్టులో ముందే రాసుకున్న విడుదల ధర మేరకు దాదాపు 6 కోట్లకు వెళ్ళాడు. బెల్లింగమ్: దాదాపు 2.5 కోట్లకు వచ్చి, 10.3 కోట్లకు రియల్ మాడ్రిడ్‌కు.

ఇందులో చెడేది అమ్మకం దగ్గర కాదు, ఆ తర్వాత కొనేటప్పుడు. నీ చేతిలో 10 కోట్లున్నాయని లోకమంతా చదివింది. ఎవరిని అడిగినా ధర పెంచుతారు. సమయం తక్కువ, ఆగస్టు చివర్లో మార్కెట్ మూసేస్తారు. అప్పుడు కుర్రాళ్ళను వదిలి, పేరున్న పెద్దవాళ్ళను కొంటారు. 2016లో షుర్లెని 3 కోట్లకు కొన్నారు, అప్పటికి క్లబ్ రికార్డు. తర్వాత రెండు క్లబ్‌లకు అద్దెకిచ్చి, 2020లో కాంట్రాక్టు రద్దు చేసుకున్నారు. తిరిగి వచ్చింది లేదు. అమొరోజో కథే మళ్ళీ, కాకపోతే ఈసారి కింద వల ఉంది.

2017 ఏప్రిల్ 11 గురించి చెప్పకుండా దాటలేను. మొనాకోతో మ్యాచ్‌కి హోటల్ నుంచి బయల్దేరిన జట్టు బస్సు పక్కన మూడు బాంబులు పేలాయి. డిఫెండర్ మార్క్ బార్త్రా చేతికి గాయమైంది, ఒక పోలీసు కూడా గాయపడ్డాడు. మర్నాడే మ్యాచ్ ఆడించారు. డోర్ట్‌మండ్ 2-3తో ఓడింది. మొదట ఉగ్రవాదం అనుకున్నారు. దోషి అప్పు తీసుకుని, క్లబ్ షేరు ధర పడిపోతే లాభం వచ్చే పుట్ ఆప్షన్లు కొన్నాడని దర్యాప్తులో తేలింది. ఆటగాళ్ళు చనిపోతే షేరు కూలుతుందన్నది అతని లెక్క. 14 ఏళ్ళ శిక్ష పడింది. ఆ ఆటగాళ్ళను ఇరవై నాలుగు గంటలైనా గడవకముందే మైదానంలోకి దింపడం అమానుషం. టీవీ షెడ్యూలు కోసం మనుషులను అలా వాడకూడదు.

2023 మే 27. ఆఖరి రోజు సొంత మైదానంలో మైంట్స్‌ని ఓడిస్తే టైటిల్. 24 నిమిషాలకే 0-2. మధ్యలో హాలర్ పెనాల్టీ వృథా. అదే సీజన్ మొదట్లో క్యాన్సర్‌తో ఆస్పత్రిలో ఉండి, చికిత్స ముగించుకుని తిరిగొచ్చిన ఆటగాడతను. 2-2తో ముగిసింది. అటు కోల్న్‌లో 89వ నిమిషంలో బయర్న్ ఆటగాడు ముసియాలా గోల్. ఇద్దరికీ 71 పాయింట్లు. గోల్స్ తేడాతో బయర్న్ ఛాంపియన్. మరుసటి ఏడాది లీగ్‌లో ఐదో స్థానం, అదే జట్టు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి చేరి వెంబ్లీలో రియల్ మాడ్రిడ్ చేతిలో 0-2తో ఓడింది. దీన్ని దురదృష్టం అంటే నేను ఒప్పుకోను. ప్రతి మూడేళ్ళకూ వెన్నెముకను అమ్మే జట్టు ఒక రాత్రి ఎవరినైనా ఓడించగలదు, 34 వారాలు నిలకడగా ఆడడం కష్టం. ఆ ధర తెలిసే క్లబ్ ఆ దారి ఎంచుకుంది. 2005 చూసినవాళ్ళు ఎంచుకున్న దారి అది.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: షేర్లు మార్కెట్లో ఉన్నాయి కదండీ. ఎవరైనా కోటీశ్వరుడు మొత్తం కొనేస్తే క్లబ్ అతనిది అయిపోదా?

కాదండి. జర్మనీలో 1998 నుంచి 50+1 నిబంధన ఉంది. ఓటు హక్కులో మెజారిటీ సభ్యుల సంఘం చేతిలో ఉండాలి. డోర్ట్‌మండ్ నిర్మాణం ఇంకా గట్టిది. షేర్లున్న కంపెనీని నడిపే అధికారం ఒక చిన్న ప్రైవేటు సంస్థది. ఆ సంస్థలో నూటికి నూరు శాతం సభ్యుల సంఘానిది. సభ్యులు లక్షన్నరకు పైగా ఉన్నారు. మీరు షేర్లన్నీ కొన్నా డివిడెండ్ అందుకుంటారు, మేనేజర్‌ని మార్చలేరు. అయితే ఒకటి: 2005కు దారితీసిన రోజుల్లోనూ ఈ నిబంధన ఉంది. బయటివాడు కొనకుండా ఆపుతుంది గానీ లోపలివాడు తప్పుగా ఖర్చుపెట్టకుండా ఆపదు.

ప్రశ్న: హైదరాబాద్ ఎఫ్‌సీకి వీళ్ళతో ఒప్పందం ఉండేదని విన్నాం.

అవును. 2020లో భాగస్వామ్యం ప్రకటించారు, యువ ఆటగాళ్ళ శిక్షణ, కోచ్‌ల తర్ఫీదు ప్రధానంగా. 2022 మార్చిలో హైదరాబాద్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) టైటిల్ గెలిచింది. రెండేళ్ళు తిరగకుండానే జీతాల బకాయిలతో ఆటగాళ్ళు వెళ్ళిపోయారు. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయింది. డోర్ట్‌మండ్‌కి ఉండి మనకు లేనిది ఏమిటంటే ప్రతి మ్యాచ్‌కీ నిండే స్టేడియం. 2005లో ఆ ఫండ్ మదుపరులు లెక్కేసుకున్నది దాన్నే.

ప్రశ్న: ఒక క్లబ్ వార్షిక నివేదిక చేతికొస్తే ముందు ఏ పంక్తి చూడాలి?

లాభం చూడకండి. ముందు ఆటగాళ్ళ అమ్మకాల్లో వచ్చిన లాభాన్ని పక్కకు తీయండి. అది ఎలా వస్తుందంటే, ఇందాకటి ఉదాహరణే తీసుకోండి: 2.5 కోట్లకు ఐదేళ్ళకు కొన్నవాడిని మూడేళ్ళకు 10 కోట్లకు అమ్మితే, పుస్తకంలో మిగిలిన విలువ కోటి, లాభం 9 కోట్లు. అది తీసేశాక మిగతా క్లబ్ నష్టంలో ఉంటే, ఏటా ఒకడిని అమ్మక తప్పదని అర్థం. తర్వాత జీతాల మొత్తాన్ని, అమ్మకాలు కాకుండా వచ్చే ఆదాయంతో భాగించండి. మూడోది, నోట్స్‌లో అడ్వాన్సుగా తీసుకున్న సొమ్ము ఎంతో వెతకండి. రాబోయే ఏళ్ళ టికెట్లు, స్పాన్సర్ డబ్బు ఇప్పటికే చేతికొచ్చిందంటే రేపు రాదు. చివరగా, స్టేడియం ఎవరి పేరు మీద ఉందో చూడండి. డోర్ట్‌మండ్ లెక్కల ఏడాది జులై 1 నుంచి జూన్ 30 దాకా. ఆగస్టులో ప్రాథమిక అంకెలు విడుదల చేస్తారు, ఇంగ్లీషులో కూడా ఉంటాయి. 2019-20, 2020-21 నివేదికలు పక్కపక్కన పెట్టుకుని చదవండి. కోవిడ్‌లో ఆ 81 వేల సీట్లు ఖాళీగా ఉన్నప్పుడు ఏ పంక్తి ఎంత కుంగిందో కనిపిస్తుంది.